అల్లం బీరు: ఫ్రిజ్‌లో పెట్టేస్తే భయం లేదా?

మొన్న గుణుపురం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అల్లం బీరులో రుచి కోసం పనస తొనలు వేశాను. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఇంక పులియదు కదా?" ఏ సీసా అని అడిగాను. ఖాళీ అయిన స్క్వాష్ సీసాట, గాజుది. "ఫోన్ పెట్టేసెయ్. మందపాటి తువ్వాలు చుట్టి, మొహం దూరంగా పెట్టి, మెల్లగా మూత వదులు చెయ్యి. తర్వాత మాట్లాడదాం" అన్నాను.

ఈ ఎండాకాలం ఇదే మాట ఎంతమంది దగ్గర విన్నానో! నేను బరంపురంలో చేసేది అల్లం కషాయంలో చక్కెర వేసి పులియబెట్టే అల్లం బీరే. మాల్టుతో అసలు బీరు లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే ఎక్సైజ్ కేసు, దాని జోలికి పోను. సీసా పేలే సంగతి మాత్రం రెండింటికీ ఒకటే.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే ఈస్టు చచ్చిపోతుంది.

ఈస్టంటే చక్కెర తిని గ్యాసు వదిలే సూక్ష్మజీవి. చలికి అది చావదు, మగతగా పడుంటుంది. బయట పెడితే మళ్లీ లేచి పని మొదలెడుతుంది. ఇది నేను ఫైలిన్ తుపానులో నేర్చుకున్నాను. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఆరు గాజు సీసాలున్నాయన్న సంగతే మరిచిపోయాను. మూడో రోజు తెల్లవారుజామున ఢామ్మని మోత. అమ్మ గ్యాసు బండ పేలిందనుకుని నైటీలోనే వీధిలోకి పరుగెత్తింది. ఫ్రిజ్ తలుపు మూసి ఉండబట్టి బతికిపోయాం. లోపల పెరుగు గిన్నెలో నిలువుగా దిగిన గాజు ముక్క ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అపోహ: పనసో, బెల్లమో చివర్లో వేసేది వాసనకే.

అన్నిటికంటే ఎక్కువ సీసాలు పగలగొట్టేది ఇదే. ఈస్టుకు మన వాసనలతో పని లేదు, దానికి కావలసింది చక్కెర. లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర మూసిన సీసాలో పులిస్తే చాలు, మామూలు బీరులో ఉండేంత గ్యాసు వస్తుంది. వంద గ్రాముల పనస తొనల్లో ఉండే చక్కెర దాదాపు 19 గ్రాములు! అల్లం బీరులో అప్పటికే మిగిలిన చక్కెర వేరే. తాటి బెల్లమైతే చెప్పక్కర్లేదు. మొగలి సంగతి వేరు. గంజాం తీరంలో దానికి కరువా? వాసన తప్ప ఈస్టుకు తిండి పెట్టేదేమీ పెద్దగా ఉండదు. లీటరుకు చిన్న రేకు ముక్క చాలు. రెండేస్తే పెళ్లిలో చల్లే పన్నీరు తాగినట్టుంటుంది. కరివేపాకుతోనూ గ్యాసు భయం లేదు. రుచి సంగతి మీ ఇష్టం, మా ఇంట్లో ఎవరూ తాగలేదు.

కాబట్టి గాజు వద్దు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా వాడండి, పైన రెండంగుళాలు ఖాళీ వదలండి. రోజుకు రెండుసార్లు నొక్కి చూడండి. వేలు దిగకపోతే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగైదు రోజుల్లో తాగేయండి. మేలో మా వంటింట్లో ఒక్క రోజుకే రాయిలా అవుతుంది. కరెంటు పోయి చాలాసేపు రాకపోతే మూతలు వదులు చేయండి, గ్యాసు పోతే పోనీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పైన తెల్లటి పల్చటి పొర కనిపిస్తే తీసేయండి, నూగులా లేచి పచ్చగానో నల్లగానో ఉంటే మొత్తం పారబోయండి. బ్రెడ్డు ఈస్టు పనికొస్తుంది, కాస్త బ్రెడ్డు వాసన వస్తుందంతే. కషాయం చల్లారకుండా వేస్తే మాత్రం ఈస్టు చస్తుంది. ఈస్టు విడిగా వేయకుండా, అల్లం తొక్క తీసేసి, ఉడికించి, "పులియలేదండీ" అంటే ఏం చెప్పను? దానంతటదే పుట్టే అడవి ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. గోలీ సోడా సీసా గట్టిదే కానీ, దానికి సిలిండర్ గ్యాసు కొలిచి పడతారు. ఈస్టుకు ఆ కొలత తెలియదు.

కళ్లు పోతాయేమోనని భయపడేవాళ్ల మీద నాకు కోపం రాదు. కల్తీ సారా వార్తలు చదివితే ఎవరికైనా టెన్షనే. ఆ చావులకు కారణం సారాలో కలిపే మిథనాల్ అనే విషం. అల్లం, చక్కెర పులిస్తే ప్రమాదమయ్యేంత మిథనాల్ రాదు. ఆల్కహాలు మాత్రం వస్తుంది. ఒకటి రెండు రోజులకు కొద్దిగా, బయట వారం ఉంచితే ఇంకా ఎక్కువ. మా అమ్మాయికి ఇది ఇవ్వను, అల్లం రసంలో సోడా పోసి ఇస్తాను.

పావుగంట తర్వాత తమ్ముడే మళ్లీ ఫోన్ చేశాడు. మూత వదులు చేయగానే సగం నురగై సింకు పాలైందట. మిగిలిన సగం చాలా బాగుందట.