సున్నం కొట్టిన గోడ ఏ పక్క నుంచి చూసినా అంతే తెల్లగా ఎందుకుంటుంది?

సంక్రాంతి ముందు మా పర్లాకిమిడి, పాతపట్నం వైపు పల్లెల్లో ఇళ్లకి సున్నం కొడతారు కదా, ఎండ పడుతున్న అలాంటి గోడని ఎదురుగా నిలబడి ఓసారి చూడండి, తర్వాత బాగా పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి, తెలుపేం తగ్గదు. అదే ఎండలో స్టీలు పళ్లెం పెడితే ఒక్క చోట నుంచే కళ్లు జిగేల్‌మంటాయి, కాస్త జరిగితే ఏమీ లేదు.

గోడ అన్ని వైపులకీ సమానంగా వెలుతురు పంచుతోంది అనేస్తాం గానీ లెక్క అలా లేదు. గోడలో చిన్న ముక్క తీసుకుంటే అది తిన్నగా ఎదురుకి ఎక్కువ పంపుతుంది, పక్కలకి పోయేకొద్దీ తగ్గుతుంది, 60 డిగ్రీల దగ్గర సగమే. మరి సగం డల్‌గా కనపడాలి కదా? కనపడదు, ఎందుకంటే అక్కడి నుంచి చూసేవాడికి ఆ ముక్క వెడల్పు కూడా సగానికి కుంచించుకుపోతుంది, సగం జాగా నుంచి సగం వెలుతురు, ఇంక తేడా ఏముంది. రెండూ ఒకే కొసైన్‌తో తగ్గుతాయి. 1760లో లాంబర్ట్ అనే శాస్త్రవేత్త ఈ కొసైన్ నియమాన్ని ఫొటోమెట్రియా అనే పుస్తకంలో పెట్టాడు, అందుకే ఇలాంటి ఉపరితలాన్ని లాంబర్టియన్ అంటారు. (ఎండే ఏటవాలుగా పడితే మాత్రం గోడ నిజంగానే డల్ అవుతుంది, అది వేరే సంగతి.)

రేడియోమెట్రీ, అంటే వెలుతురుని కొలిచే శాస్త్రం, కొత్తగా చదివేవాళ్లు తడబడేది కూడా ఇక్కడే. గోడ ముందున్న అర్ధగోళం మొత్తం 6.28 స్టెరేడియన్లు (ఎంత మేర దిక్కులు ఉన్నాయో కొలిచే యూనిట్), రేడియెన్స్‌ని (ఒక దిక్కు నుంచి చూసేవాడికి గోడ ఎంత వెలుగ్గా కనపడుతుందో ఆ కొలత) దాంతో గుణిస్తే ఒక చదరపు మీటరు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుతురు వచ్చేస్తుంది అనుకుంటారు, కానీ కొసైన్ అందులో సగం తినేస్తుంది, గుణించాల్సింది 3.14తోనే.

సున్నానికి ఈ గుణం ఎలా వచ్చిందంటే, ఆరాక అది గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాల్షియం కార్బొనేట్ అవుతుంది, ఆ రేణువులకి అసలు రంగే లేదు, కాంతి లోపలికి దూరి రేణువుకీ గాలికీ మధ్య అంచుల దగ్గర చాలాసార్లు వంగి, తిరిగి, ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆనవాలు లేకుండా బయటపడుతుంది. గోడ తడిస్తే ఆ గాలి ఖాళీల్లోకి నీళ్లు చేరి అంచులు బలహీనమైపోతాయి, అందుకే ముదురుగా కనిపిస్తుంది.

నూటికి నూరు శాతం లాంబర్టియన్ గోడ ఎక్కడా లేదు, మరీ ఏటవాలుగా చూస్తే కొంచెం మెరుస్తుంది. ఇక చంద్రుడైతే ఈ నియమానికి బాగా దూరం. నియమం పాటిస్తే పున్నమి చంద్రుడు మధ్యలో వెలిగి అంచుల్లో మసకబారాలి, కానీ అంచు దాకా దాదాపు ఒకేలా ఉంటాడు. అష్టమి చంద్రుడు కూడా పున్నమి వెలుగులో మూడో వంతు దాకా ఇవ్వాలి, ఇచ్చేది సుమారు పదో వంతే, ఎందుకంటే పున్నమికి సూర్యుడు మన వెనక ఉంటాడు కాబట్టి అక్కడి దుమ్ము రేణువుల నీడలు ఆ రేణువుల వెనకే దాక్కుంటాయి, అష్టమికి అవన్నీ బయటపడతాయి.