కొలిచిన బిందువుల మధ్య నేల ఎలా ఉంటుంది?

చిరంజీవులైన పిల్లలకు,

కంప్యూటరు తెర మీద ఒక కొండను అటూ ఇటూ తిప్పి చూపిస్తారు, దాని వాలు మీద పడిన వాన నీరు ఏ దారిన దిగుతుందో లెక్క కట్టి చెబుతారు. ఆ కొండ ఆకారం యంత్రానికి ఎలా తెలిసిందని మీలో కొందరు అడిగారు. యంత్రానికి అందేవి కొండ మీద అక్కడక్కడ కొలిచిన కొన్ని బిందువులు మాత్రమే. ఒక్కో బిందువుకు మూడేసి సంఖ్యలు ఉంటాయి: తూర్పు పడమరల్లో దాని చోటు, ఉత్తర దక్షిణాల్లో దాని చోటు, దాని ఎత్తు. ఒక బిందువుకూ పక్క బిందువుకూ మధ్య ఉన్న నేలను ఎవరూ కొలవలేదు. అయినా అక్కడ ఎత్తు ఎంత, వాలు ఎటు అని అడిగితే యంత్రం ఏదో ఒక జవాబు ఇవ్వాలి. ఏ మూడేసి బిందువులను కలిపి త్రిభుజాలు గీశామో దాన్ని బట్టి ఆ జవాబు మారిపోతుంది. గణన జ్యామితిలో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇదే కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను.

ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక సమతలం పోతుందని మీరు చదువుకున్నారు. నాలుగో బిందువు కూడా ఆ సమతలం మీదే ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే నేలను చతుర్భుజాలతో కప్పబోతే ఒక్కో ముక్కను ఎలా వంచాలో మళ్లీ విడిగా నిర్ణయించవలసి వస్తుంది. త్రిభుజాలతో కప్పితే ఆ పేచీ లేదు. త్రిభుజం లోపల మీకు నచ్చిన చోట ఒక బిందువు పెట్టి దాన్ని మూడు శీర్షాలతో కలపండి. త్రిభుజం మూడు చిన్న త్రిభుజాలవుతుంది. ప్రతి శీర్షం ఎత్తునూ దానికి ఎదురుగా ఉన్న చిన్న త్రిభుజం వైశాల్యంతో గుణించి, మూడింటినీ కూడి, మొత్తం వైశాల్యంతో భాగిస్తే ఆ బిందువు ఎత్తు వస్తుంది. పక్కపక్క త్రిభుజాలు ఒకే భుజాన్ని పంచుకుంటాయి, ఆ భుజం రెండు కొసల ఎత్తులూ రెండింటికీ ఒకటే, కాబట్టి అతుకు దగ్గర ఎక్కడా పగులు రాదు. కొండంతా చిన్న చిన్న పలకలతో అతికిన ఒకే ఉపరితలం అవుతుంది.

ఇక ఏ త్రిభుజాలు గీయాలి? ఎన్ని గీయాలో అన్నది మన చేతిలో లేదు. వెయ్యి బిందువులుండి, వాటిలో 20 బిందువులు అన్నిటినీ చుట్టి ఉన్న, ఎక్కడా లోపలికి వంగని కుంభాకార హద్దుకు శీర్షాలైతే, మిగిలినవన్నీ లోపలే ఉంటే, ఎలా గీసినా 1978 త్రిభుజాలే వస్తాయి, 2977 భుజాలే వస్తాయి. బిందువుల సంఖ్యను రెట్టింపు చేసి అందులోంచి రెండునూ, హద్దు మీది బిందువుల సంఖ్యనూ తీసివేస్తే త్రిభుజాల లెక్క వస్తుంది. శీర్షాలు, భుజాలు, ముఖాల సంఖ్యలను ముడిపెట్టే ఆయిలర్ సూత్రం నుంచి దీన్ని మీరే రాబట్టగలరు. మన చేతిలో ఉన్నది ఏవి అన్న ఎంపిక మాత్రమే, కానీ ఆ ఎంపిక అపారం. ఆరు భుజాల కుంభాకార బహుభుజిని కర్ణాలతో త్రిభుజాలుగా కోయడానికి 14 మార్గాలుంటే, ఇరవై భుజాలకు 47,76,38,700 మార్గాలున్నాయి. ఇది లోపల ఒక్క బిందువు కూడా లేని బహుభుజి సంగతి.

ఈ ఎంపిక ఎంత పని చేస్తుందో చూడటానికి నాలుగు బిందువులు చాలు. కాగితం మీద ఒక కేంద్రం గుర్తుపెట్టుకుని, దానికి తూర్పున 40 మీటర్ల దూరంలో ఒకటి, పడమర 40 మీటర్లలో ఒకటి, ఉత్తరాన 30 మీటర్లలో ఒకటి, దక్షిణాన 30 మీటర్లలో ఒకటి పెట్టండి. పడమర బిందువు ఎత్తు 40 మీటర్లు, తూర్పుది 44, ఉత్తరానిది 10, దక్షిణానిది 14 అనుకుందాం. తూర్పు పడమరలను కలుపుతూ కర్ణం గీస్తే కేంద్రం దగ్గర ఎత్తు 42 మీటర్లు. అంటే ఒక గట్టు తూర్పు పడమరలుగా సాగిపోతోంది, నీరు దాని రెండు పక్కలకూ జారుతుంది. అదే ఉత్తర దక్షిణాలను కలిపితే కేంద్రం దగ్గర ఎత్తు 12 మీటర్లే. అక్కడ రెండు మిట్టల మధ్య ఒక లోయ ఉంది, నీరంతా ఆ లోయలోకే చేరుతుంది. కొలతల్లో ఒక్క అంకె కూడా మారలేదు. ఒక గీత మారినంత మాత్రాన కేంద్రం 30 మీటర్లు కిందికి దిగింది, గట్టు లోయగా మారింది.

ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి రష్యా గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో ప్రచురించిన పరిశోధన పత్రం దారి చూపింది. తన కంటే ముందు ఈ బాటలో నడిచిన జార్జి వొరొనోయ్ స్మృతికి అంకితమిస్తూ, ఖాళీ గోళాన్ని గురించి ఆయన ఆ పత్రాన్ని ఫ్రెంచిలో రాశారు. డెలోనే పేరున్న పర్వతారోహకుడు కూడా. ఆయన నియమాన్ని సమతలం మీద ఇలా చెప్పవచ్చు: ఏ త్రిభుజానికి పరివృత్తం, అంటే దాని మూడు శీర్షాల గుండా పోయే వృత్తం, గీసినా దాని లోపల మరో బిందువు ఉండకూడదు. మన నాలుగు బిందువుల మీద దీన్ని పరీక్షించండి. పడమర, ఉత్తర, దక్షిణ బిందువుల గుండా పోయే వృత్తం వ్యాసార్ధం 31.25 మీటర్లు; అది కేంద్రానికి తూర్పున 22.5 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తూర్పు బిందువు 40 మీటర్ల దూరంలో ఉంది కనుక వృత్తం ఖాళీగానే ఉంది. పడమర, ఉత్తర, తూర్పు బిందువుల గుండా పోయే వృత్తమో కేంద్రానికి దక్షిణంగా 53 మీటర్ల దాకా వెళ్లి, 30 మీటర్ల దగ్గరున్న దక్షిణ బిందువును లోపలికి లాక్కుంటుంది. కాబట్టి డెలోనే నియమం ఉత్తర దక్షిణ కర్ణాన్నే ఒప్పుకుంటుంది. కోణాలు చూసినా అదే తేలుతుంది: ఆ కర్ణంతో వచ్చే త్రిభుజాల్లో అతి చిన్న కోణం సుమారు 53 డిగ్రీలు, రెండో కర్ణంతో అయితే సుమారు 37 డిగ్రీలు. సాధ్యమైన త్రిభుజీకరణలన్నింటిలోనూ అతి చిన్న కోణాన్ని వీలైనంత పెద్దది చేసేది డెలోనే త్రిభుజీకరణే. సూదుల్లాంటి సన్నని త్రిభుజాలు ఎక్కడెక్కడో ఉన్న బిందువుల ఎత్తులను ఒకచోటికి తెచ్చి కలుపుతాయి కనుక వాటిని తగ్గించడం మంచిదే.

వేల బిందువులున్నప్పుడు దీన్ని కట్టే పద్ధతి కూడా ఈ నాలుగు బిందువుల ఆటే. ముందు ఎలాగో ఒకలా త్రిభుజాలు గీసుకుని, ఒక భుజానికి రెండు వైపులా ఉన్న త్రిభుజాలను చూసి, వృత్త నియమం తప్పిన చోట కర్ణాన్ని మార్చుకుంటూ పోవాలి. 1977లో చార్లెస్ లాసన్ ఈ మార్పిడి పద్ధతిని వివరించారు. ఒక మార్పు చేస్తే పక్కన మరొకటి చెడవచ్చు కదా, ఇది ఎప్పటికైనా ఆగుతుందా అని మీకు అనుమానం రావాలి. దీని సమాధానం నాకు చదివిన ప్రతిసారీ ఆశ్చర్యం కలిగిస్తుంది. నేల ఎత్తులను కాసేపు మరిచిపోయి, ప్రతి బిందువునూ కేంద్రం నుంచి దాని దూరానికి వర్గమంత ఎత్తుకు లేపండి. బిందువులన్నీ నోరు పైకి తెరుచుకున్న ఒక గిన్నె గోడకు అంటుకుంటాయి. కాగితం మీది వృత్తాలు ఆ గిన్నెను కోసే సమతలాలవుతాయి. వృత్తం లోపలి బిందువులు ఆ సమతలానికి దిగువన, బయటివి ఎగువన ఉంటాయి. నియమం తప్పిన కర్ణాన్ని మార్చిన ప్రతిసారీ గిన్నెలోని త్రిభుజాల ఉపరితలం అక్కడ కాస్త కిందికి దిగుతుంది, ఎన్నడూ పైకి లేవదు. ఒకసారి తీసేసిన భుజం మళ్లీ తిరిగి రాదు, మొత్తం భుజాలు పరిమితం, కాబట్టి పని తప్పకుండా పూర్తవుతుంది. చివరికి మిగిలేది ఆ బిందువులన్నిటినీ కింది నుంచి బిగించి కప్పిన కుంభాకార తొడుగు. ఇంతకన్నా వేగంగా నడిచే పద్ధతులు తరవాత చాలా వచ్చాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డెలోనే నియమం కాగితం మీది స్థానాలనే చూస్తుంది, ఎత్తులను ఒక్కసారి కూడా అడగదు. అలాంటప్పుడు నేలను గీయడానికి అది తగినదేనా? 1990లో శామ్యూల్ రిప్పా ఒక చక్కని సిద్ధాంతం నిరూపించారు. ప్రతి త్రిభుజం వాలును వర్గం చేసి, దాని వైశాల్యంతో గుణించి, అన్నిటినీ కూడితే ఉపరితలం మొత్తం మీద ఎంత ఎగుడుదిగుడుగా ఉందో తెలిపే ఒక కొలత వస్తుంది. ఎత్తులు ఏవైనా సరే, ఆ కొలతను అతి తక్కువ చేసేది డెలోనే త్రిభుజీకరణే. మన ఉదాహరణలో లోయగా కలిపితే ఆ కొలత సుమారు 1367, గట్టుగా కలిపితే సుమారు 2417. నేల గురించి వేరే ఏమీ తెలియనప్పుడు డెలోనేను నమ్మడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదని నా అభిప్రాయం.

అయితే నేల గురించి మనకు తరచుగా తెలుస్తుంది. అక్కడ నిజంగానే గట్టు ఉందని కొలిచిన మనిషి కళ్లారా చూసి వస్తే, లోయ ఎంత నునుపుగా ఉన్నా అది తప్పే. అందుకే గట్లు, ఏరులు, రోడ్ల అంచులు, కొండచరియల కొనలు మొదలైన వాటిని ముందే గీతలుగా ఇచ్చి, వీటిని ఏ త్రిభుజమూ దాటకూడదని షరతు పెడతారు. వీటిని బ్రేక్‌లైన్లు అంటారు. ఆ గీతలకు అవతల కనబడని బిందువులను లెక్కలోకి తీసుకోకుండా, మిగిలిన చోట్ల వృత్త నియమాన్ని వీలైనంత పాటిస్తే వచ్చేది షరతులతో కూడిన డెలోనే త్రిభుజీకరణ. ఈ షరతు మరిచిపోతే ఒక ఒడ్డు మీది బిందువు నుంచి అవతలి ఒడ్డు మీది బిందువుకు ఏటి మీదుగా ఒక భుజం పడుతుంది. లెక్కలో అది ఆనకట్ట అవుతుంది, దాని వెనుక లేని చెరువు నిండుతుంది. పాత పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన సమోన్నత రేఖల మీది బిందువులనే తీసుకున్నప్పుడు మరో లోపం కనబడుతుంది. రేఖ బాగా వంపు తిరిగిన చోట ఒక త్రిభుజపు మూడు శీర్షాలూ అదే రేఖ మీద పడతాయి, మూడింటి ఎత్తూ ఒకటే, అంటే వాలుగా ఉండవలసిన కొండకొమ్ము మీద ఒక బల్లపరుపు ముక్క వచ్చి కూర్చుంటుంది. శిఖరాలు కూడా అలాగే కోసినట్టు చదునైపోతాయి. శిఖరం మీద ఒక ఎత్తు, కొమ్ము వెన్ను మీద ఒక గీత చేరిస్తే చాలావరకు సరిపోతుంది.

బిందువులను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో భూమి మీది నేలలో సుమారు 80 శాతాన్ని కొలిచినప్పుడు, ఎత్తులను సుమారు 30 మీటర్లకొకటి చొప్పున గళ్లుగా అమర్చారు. గళ్లతో లెక్కలు సులువు, కానీ చదునైన మైదానానికీ నిటారు చరియకూ అవి ఒకే సంఖ్యలో బిందువులను ఖర్చు చేస్తాయి. 1970లలో థామస్ పోయ్‌కర్, డేవిడ్ మార్క్ తదితరులు అభివృద్ధి చేసిన, టిన్ అనే పొట్టి పేరుతో నేడు అందరూ వాడే క్రమరహిత త్రిభుజ జాలంలో ఆ దుబారా ఉండదు. రెండు మూడు పెద్ద త్రిభుజాలతో మొదలుపెట్టి, వాటి సమతలాలకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కొలతను వెతికి, దాన్ని కొత్త శీర్షంగా చేర్చి, మళ్లీ వెతికి, ఏ కొలతా ఒక మీటరుకు మించి తప్పకుండా ఉండేదాకా కొనసాగిస్తే, మైదానంలో కొద్దిపాటి త్రిభుజాలూ చరియ మీద దట్టమైన త్రిభుజాలూ వాటంతట అవే ఏర్పడతాయి.

ఇంతసేపూ కాగితం మీది ఒక చోటుకు ఒకే ఎత్తు ఉంటుందని అనుకున్నాం. గుహకు, ముందుకు చొచ్చుకువచ్చిన చరియకు అది చెల్లదు. ఒక శిల్పానికి అసలే చెల్లదు. అప్పుడు త్రిభుజాలను నేరుగా మూడు కొలతల స్థలంలోనే అల్లాలి. పరిశోధకులంతా పరీక్షలకు వాడుకునే స్టాన్‌ఫర్డ్ కుందేలు బొమ్మ 69,451 త్రిభుజాలతో అలా అల్లినదే. ఉపరితలం చాలక కొండ లోపలి భాగం కూడా కావాలంటే, ఉదాహరణకు కొండచరియ ఎప్పుడు జారుతుందో తెలుసుకోవడానికి లోపలి ఒత్తిళ్లను లెక్క కట్టాలంటే, త్రిభుజాల స్థానంలో చతుర్ముఖులు, అంటే నాలుగు శీర్షాలూ నాలుగు త్రిభుజ ముఖాలూ ఉన్న ఘనరూపాలు, కావాలి. అక్కడ సమతలంలోని హాయి పోతుంది. బహుభుజి ఏదైనా సరే, కొత్త శీర్షం చేర్చకుండానే దాన్ని త్రిభుజాలుగా కోయగలం. ఘనరూపాలకు అలా కుదరదని ఎరిక్ షోన్‌హార్ట్ 1928లో ఒక చిన్న ఆకారంతో చూపించారు. అడుగున ఒక త్రిభుజం, పైన ఒక త్రిభుజం ఉన్న పట్టకాన్ని తీసుకుని, పై త్రిభుజాన్ని 30 డిగ్రీలు మెలిపెట్టండి. పక్కల ఉన్న మూడు దీర్ఘచతురస్రాలూ లోపలికి ముడుచుకుంటూ రెండేసి త్రిభుజాలవుతాయి. మొత్తం ఆరు శీర్షాలు, 12 అంచులు, ఎనిమిది ముఖాలు. ఆరు శీర్షాలను జతజతలుగా తీసుకుంటే 15 జతలు వస్తాయి. అంచులు 12 పోగా మిగిలిన మూడు జతలను కలిపే గీతలు ఆకారానికి బయటి నుంచే పోతాయి. ఆ మూడు జతల్లో ప్రతి శీర్షమూ ఒక్కసారే వస్తుంది, కాబట్టి మీరు ఏ నాలుగు శీర్షాలను ఏరుకున్నా వాటిలో అలాంటి జత ఒకటైనా ఉండి తీరుతుంది, ఆ చతుర్ముఖి ఆకారం దాటి బయటికి పొడుచుకు వస్తుంది. లోపల ఒక్క కొత్త బిందువు చేర్చితే మాత్రం దాన్ని ఎనిమిది ముఖాలతో కలిపి ఎనిమిది చతుర్ముఖులుగా కోయవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య