గుండె బ్లాకుల్లో ఇమ్యూనిటీ పాత్ర: టీరెగ్స్ కథ ఎక్కడ మొదలైంది

మన హైదరాబాద్‌లో గుండె జబ్బు గురించి మాట వస్తే అన్నీ లెక్కలే, ఎన్ని బ్లాకులు, ఎల్ఏడీలో (గుండె ముందువైపు పెద్ద నాళం) ఎంత పర్సెంట్, స్టెంట్లు ఎన్ని పడ్డాయి అని. ఆ బ్లాక్ లోపల ఏం జరుగుతుందో అడిగేవాళ్లు తక్కువ. 2025 మెడిసిన్ నోబెల్ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకి వచ్చింది కదా, వాళ్లు పని చేసింది రెగ్యులేటరీ టీ సెల్స్ మీదే, పొట్టిగా టీరెగ్స్, అంటే ఇమ్యూనిటీ హద్దు దాటకుండా ఆపే కణాలు. వీటికి గుండెపోటుతో సంబంధం ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

కొలెస్ట్రాల్ వల్లే నాళాలు మూసుకుపోతాయన్నది 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకి కొలెస్ట్రాల్ తినిపించి చూపించినప్పటి నుంచి గట్టిగా నాటుకుపోయింది. అది నిజమే, కానీ అంతకన్నా చాలా ముందే జర్మనీలో విర్కో అనే డాక్టర్ ఇందులో ఇన్‌ఫ్లమేషన్ (ఇమ్యూనిటీ రెచ్చిపోయి వచ్చే వాపు, మంట) ఉందని చెప్పాడు, దాన్ని చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. 1980ల్లో స్వీడన్‌లో హాన్సన్ అనే శాస్త్రవేత్త టీమ్ ప్లాక్‌లోనే, అంటే నాళం గోడలో పేరుకున్న ఆ కొవ్వు గడ్డలోనే, టీ సెల్స్ (ఇమ్యూనిటీకి చెందిన తెల్ల రక్తకణాలు) ఉన్నాయని చూపించాక ఆలోచన మారడం మొదలైంది.

ఇటు ఆపే కణాల కథ ఇంకా విచిత్రం. 1970లో గెర్షన్, కొండో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలాంటివి ఉన్నాయన్నారు, వాటికి సప్రెసర్ సెల్స్ అని పేరొచ్చింది, తర్వాత 80ల్లో ఆధారాలు నిలబడక ఆ సబ్జెక్టే పరువు పోగొట్టుకుంది. సకాగుచి మాత్రం వదల్లేదు, 1995లో కణం మీద ఉండే సీడీ25 అనే ప్రోటీన్ గుర్తుతో వాటిని పట్టుకున్నాడు, 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జీన్ కనిపెట్టారు, టీరెగ్స్ తయారవ్వాలంటే ఈ జీనే కావాలని తర్వాత తేలింది. 2006లో పారిస్ టీమ్ ఎలుకల్లో ఈ టీరెగ్స్ తగ్గిస్తే ప్లాక్ పెరుగుతుందని చూపించింది. నా దృష్టిలో రెండు కథలు కలిసింది అక్కడే.

ప్లాక్ అంటే లోపల కొవ్వు, పైన కొల్లాజెన్‌తో గట్టిపడ్డ పొర. మిగతా టీ సెల్స్ రెచ్చిపోయి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ వదిలితే కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది, మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే ఇమ్యూన్ కణాలు) ఉన్నదాన్ని కూడా కరిగిస్తాయి, పొర పల్చబడి ఒకరోజు చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది, గుండెపోటు. టీరెగ్స్ ఐఎల్-10, టీజీఎఫ్ బీటా అనే శాంతపరిచే సంకేతాలు వదిలి ఈ గొడవని తగ్గిస్తాయి, పొర గట్టిగా ఉండేలా చూస్తాయి. పొర చిట్లడమే అసలు ప్రమాదం కాబట్టి 50 పర్సెంట్ బ్లాకే కదా అనుకున్నది కూడా ఒక్కోసారి ప్రాణం మీదకి తెస్తుంది.

కోవిడ్ తర్వాత మన దగ్గర ఇమ్యూనిటీ బూస్టర్ అని పొడులూ కషాయాలూ తెగ అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. గుండె నాళాల విషయంలో ఇమ్యూనిటీ పెంచడం కాదండీ కావాల్సింది, అదుపు. కానీ మొత్తంగా అణచేసినా ప్రమాదమే. పది వేల మందికి పైగా పేషెంట్ల మీద చేసి 2017లో ఫలితాలు బయటపెట్టిన కాంటోస్ ట్రయల్‌లో, ఇన్‌ఫ్లమేషన్‌ని రెచ్చగొట్టే ఐఎల్-1 బీటా అనే ప్రోటీన్‌ని అడ్డుకునే మందు గుండె ఘటనలు 15% దాకా తగ్గించింది, ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి.

అందుకే ఇప్పుడు చూపు టీరెగ్స్ మీద. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఐఎల్-2ని (టీ సెల్స్‌ని పెంచే సంకేత ప్రోటీన్) చాలా తక్కువ డోస్‌లో గుండె పేషెంట్లకి ఇచ్చి చూశారు, ఇదే మందు ఎక్కువ డోస్‌లో అమెరికాలో 1992 నుంచి కిడ్నీ క్యాన్సర్‌కి వాడుతున్నారు. ఐఎల్-2ని పట్టుకునేది సీడీ25, అది టీరెగ్స్ మీద ఎక్కువ కాబట్టి తక్కువ డోస్ ముందు వాటికే అందుతుంది. చిన్న ట్రయల్స్‌లో టీరెగ్స్ పెరిగాయి, కానీ గుండెపోట్లు తగ్గుతాయని తేలాలంటే పెద్ద ట్రయల్స్ కావాలి.

ప్రస్తుతానికి ఇన్‌ఫ్లమేషన్ దారిలో చేతికందేది కోల్చిసిన్, మన మెడికల్ షాపుల్లో గౌట్‌కి దొరికేదే, 2023లో అమెరికా ఎఫ్‌డీఏ 0.5 మిల్లీగ్రాముల డోస్‌ని గుండె జబ్బుకి ఒప్పుకుంది. అయితే దీని లాభం గురించి ట్రయల్స్ అన్నీ ఒకే మాట చెప్పలేదు. పైగా కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడేవాళ్లకి అది విషంలా మారొచ్చు, కాబట్టి కార్డియాలజిస్ట్‌ని అడక్కుండా షాపులో కొని వేసుకోకండి, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మానేసి దీన్ని పెట్టుకోవడం అసలే వద్దు.