ఇనవడ్తంది గని సమజైతలేదు

మా బాపుకు వినికిడి తగ్గిందని ఇంట్లో మొదట గుర్తుపట్టింది అమ్మ. ఆఖరున ఒప్పుకున్నది బాపు. ఈ రెండింటి నడుమ నాలుగేండ్లు గడిచాయి.

ఒకరోజు రాత్రి అన్నాలు తింటుంటే అమ్మ అడిగింది: "చారున్నది, పొయ్యాల్నా?"

బాపు కలుపుతున్న చెయ్యి ఆపి గుమ్మం దిక్కు చూశాడు. "కారా? ఎవలొచ్చిన్రు?"

నా కూతురు పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. బాపు నవ్వలేదు, సగం కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ తనే ఎత్తుకున్నాడు: "చెవుడేం లేదు బిడ్డా. ఇనవడ్తంది గని సమజైతలేదు."

చెవి డాక్టర్లు రోజూ వినే మాటే ఇది. అబద్ధం కూడా కాదు. బాపుకు నిజంగానే వినపడుతుంది. వీధిలో లారీ పోతే తెలుస్తుంది, గుడిగంట తెలుస్తుంది, అమ్మ ఏదో అంటోందనీ తెలుస్తుంది. ఏమంటోందో తెలియదు. చెవి మిషన్ కొనే ముందు ఈ తేడా అర్థమైతే సగం డబ్బు, సగం టెన్షన్ మిగులుతాయి. మాకు ఆలస్యంగా అర్థమైంది.

లోపలి చెవిలో బఠాణీ గింజంత ఎముక గూడు ఒకటి ఉంటుంది. పేరు కాక్లియా, ఆకారం నత్తగుల్ల, రెండున్నర చుట్లు. అందులో పదిహేను వేల పైచిలుకు రోమకణాలు ఉంటాయి. వాటిలో సుమారు 3,500 లోపలి వరుసవి, శబ్దాన్ని మెదడుకు చేరవేసేది ఇవే. మిగతా 12,000 బయటి వరుసలవి. ఇవి శబ్దానికి తగ్గట్టు సాగుతూ ముడుచుకుంటూ, సన్నటి చప్పుళ్లను పెంచి లోపలి వరుసకు అందిస్తాయి. అంటే చెవిలో పుట్టుకతోనే ఒక ఆంప్లిఫయర్ ఉంది. గుల్ల మొదట్లో ఉన్న కణాలు కీచు శబ్దాలకు, చివరి కొసన ఉన్నవి బొంగురు శబ్దాలకు పలుకుతాయి. వయసు మీద పడ్డా, మోతలో పనిచేసినా ముందుగా పోయేవి ఆ మొదట్లోవే. పిట్టలకు ఈ కణాలు పోతే మళ్లీ మొలుస్తాయి. మనిషికి మొలవవు.

బాపుకు రెండు కారణాలూ ఉన్నాయి. ఆయన ఆజంజాహి బట్టల మిల్లు మనిషి. నిజాం కాలంలో 1934లో మొదలై 2002లో మూతపడిన ఆ మిల్లు గురించి వరంగల్‌లో ఎవరిని కదిలించినా ఒక కథ చెబుతారు. బాపు కథలన్నీ మగ్గాల షెడ్డువే. అలాంటి షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. పక్క మగ్గం మీది మనిషితో మాట్లాడాలంటే సైగలే. అలాంటి మోత ముందుగా దెబ్బకొట్టేది 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచు శబ్దాల వైపు. మాటలోని సన్నటి హల్లులను పట్టుకోవడానికి కావలసిన చోట్లలో అదొకటి.

ఇక్కడ మన భాష సంగతి కొంచెం చెప్పాలి. అచ్చులకు బలమెక్కువ, అవి ఎక్కువగా కింది స్థాయి, అంటే బొంగురు శబ్దాలు. స, ష, చ, త, క లాంటి హల్లులు బలహీనం, వాటి గుర్తు పై స్థాయిలో, కీచు వైపు ఉంటుంది. తెలుగేమో అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. కాబట్టి పై స్థాయి పోయిన చెవికి కూడా తెలుగు నిండుగానే మోగుతుంది. పప్పు, ఉప్పు, నిప్పు, చెప్పు, కప్పు అన్నిట్లోనూ చివరి 'ప్పు' అందుతుంది, ముందున్నది జారిపోతుంది. మిగతాది మనిషి ఊహించుకుంటాడు. బాపు చారును కారు చేసింది ఇలాగే.

మా మొదటి తప్పు ఒక షాపులో జరిగింది. పరీక్ష లేదు, ఏమీ లేదు. కౌంటర్ మీద పెట్టి "పెద్దాయనా, ఇనవడుతుందా?" అని గట్టిగా అడిగారు. అడిగితే వినపడదా మరి. కొన్నాం. ఎనిమిది రోజులు వాడి బాపు దాన్ని బీరువాలో పెట్టేశాడు. గిన్నె కింద పడితే నెత్తి మీద కొట్టినట్టుందట, అమ్మ మాట మాత్రం మునుపటి లెక్కనే ఉందట.

బాపుది మొండితనం అనుకున్నాం, కానీ అది చెవి లెక్క. బయటి వరుసల కణాలు పోతే చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం ఎప్పటంత పెద్దగానే తగులుతుంది. పైకప్పు అక్కడే ఉండి కింది నుంచి నేల లేచిన గది లాంటిది ఈ చెవి, నిలబడే జాగా తగ్గిపోతుంది. అన్ని శబ్దాలనూ ఒకే లెక్కన పెంచే యంత్రం అందులో నిలబడదు. గుసగుసను బాగా పెంచాలి, మామూలు మాటను కొంత, గిన్నె చప్పుడును అసలు పెంచొద్దు. అది కూడా ప్రతి స్థాయికీ విడివిడిగా. పూర్తి డిజిటల్ మిషన్లు 1996లో మార్కెట్లోకి వచ్చాక ఈ పని తేలికైంది. ఇవాళ మంచి కంపెనీల్లో చవక మోడల్ కూడా దీన్ని చేయగలదు. చేయాలంటే దానికి ఆ చెవి కొలత చెప్పాలి. మా షాపులో చెప్పలేదు.

కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరు. కొందరికి గుబిలి తీస్తేనే సగం వినపడుతుంది. ఒక్క చెవే తగ్గినా, చెవిలోంచి చీము కారుతున్నా మిషన్ మాట తరువాత. ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి వినికిడి పోతే అది అత్యవసరం, వారం ఆగి చూద్దాం అనుకోకూడదు. ఆ తరువాత గదిలో కూర్చోబెట్టి చేసే వినికిడి పరీక్ష, ఆడియోగ్రామ్. ఇక్కడ వరంగల్‌లో ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, బయట ఆడియాలజిస్టులున్నారు. పరీక్ష చేసే మనిషికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు.

ఆ కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమవి. గీత ఎంత కిందికి దిగితే అంత నష్టం. బాపు గీత 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1,000 దగ్గర 40, 2,000 దగ్గర 55, 4,000 దగ్గర 75. పద్మాక్షి గుట్ట దిగుతున్నట్టు ఉంది. మాటలు చదివి వినిపించి ఎన్ని పట్టుకున్నాడో చూసే పరీక్ష కూడా చేయించాలి. తగినంత గట్టిగా వినిపించినా సగం మాటలు పట్టుకోలేకపోతే, ఎంత ఖరీదైన మిషనూ ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. ఈ సంగతి కొనక ముందే తెలియాలి.

చెవి వెనక పెట్టుకునే మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. పాత రకంలో స్పీకరు వెనక డబ్బాలోనే ఉంటుంది. శబ్దం గొట్టంలోంచి వచ్చి, చెవికి అచ్చు తీసి చేసిన మౌల్డ్ ద్వారా లోపలికి పోతుంది. కొత్త రకాన్ని ఆర్‌ఐసీ (రిసీవర్ ఇన్ కెనాల్) అంటారు. వెనక డబ్బా చిన్నది, స్పీకరు సన్నటి తీగ కొసన చెవి రంధ్రంలోనే కూర్చుంటుంది, దానికి మెత్తటి రబ్బరు టోపీ. షాపులో ఈ రెండోదే ముందు చూపిస్తారు, కనపడదు కాబట్టి. నా లెక్కలో కనపడకపోవడం ఆఖరి కారణం.

అసలు కారణం తెలియాలంటే రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని "ఈ" అనండి. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు మోగుతుంది కదా. చెవిని మౌల్డ్‌తో పూర్తిగా మూసేస్తే సొంత గొంతు రోజంతా అలాగే ఉంటుంది. బాపులాగా కింది స్థాయి బాగానే ఉండి పై స్థాయి పోయినవాళ్లకు రంధ్రాలున్న టోపీ చాలు. బొంగురు శబ్దాలు వాటంతట అవి లోపలికి పోతాయి, మిషన్ హల్లులను మాత్రం అందిస్తుంది. అందుకని ఆయనకు ఆర్‌ఐసీ సరిపోయింది.

పరకాలలో ఉండే మా మేనత్తకు అదే పెడితే వారంలో పాడయ్యేది. ఆమెకు చిన్నప్పటి నుంచి చెవి కారుతుంది, నష్టం 80 డెసిబెల్స్ దగ్గర ఉంది. తడి, చీము తగిలితే లోపలి స్పీకరు బతకదు. అంత పెంపు ఇస్తే తెరిచిన టోపీలోంచి శబ్దం బయటికి కారి మైకులోకి తిరిగి దూరి కీచుమంటుంది. ఆమెకు డాక్టరు మందు వాడించి చెవి ఆరాక, పెద్ద డబ్బా, గాలి ఆడే సన్నటి రంధ్రంతో మౌల్డ్, 675 సైజు బ్యాటరీ. అందానికి ఏమీ లేదు, కానీ ఆమె వేళ్లకు పట్టుకోవడానికి దొరుకుతుంది. గొట్టం బిరుసెక్కినప్పుడు మార్పించుకోవాలి, అంతే.

బ్యాటరీల్లో ఒక చిన్న మెలిక ఉంది. బిళ్లల మీద రంగు కాగితం అంటించి ఉంటుంది, 675కు నీలం, 13కు నారింజ, 312కు గోధుమ. లోపల ఉన్నది జింకు, గాలి తగిలితేనే పనిచేస్తుంది. కాగితం పీకి ఒకటి రెండు నిమిషాలు ఆగి పెట్టాలి. మళ్లీ అంటించినా బ్యాటరీ ఆగదు, అరిగిపోతూనే ఉంటుంది. మా అత్త మొదటి నెల రాత్రిపూట తీసి కాగితం అంటించి పొదుపు చేశాననుకునేది. చార్జింగ్ రకం అయితే ఈ గొడవ లేదు, రాత్రి పెట్టెలో పెడితే పొద్దంతా వస్తుంది. అయితే కొన్నేండ్లకు లోపలి బ్యాటరీ నీరసపడినప్పుడు కంపెనీకి పంపాలి. కరెంటు నమ్మకం లేని ఊళ్లో బిళ్లలే మేలు.

ఇక ధర. ఫోనాక్, ఓటికాన్, సిగ్నియా, వైడెక్స్, రీసౌండ్, స్టార్కీ, ఏ కంపెనీ అయినా ఒకే డబ్బాను నాలుగైదు ధరల్లో అమ్ముతుంది. ధర పెరిగే కొద్దీ చానెళ్లు, అంటే శబ్దాన్ని స్థాయిల వారీగా విడగొట్టి సర్దే భాగాలు, పెరుగుతాయి, గోలలో మాటను ఏరే మైకుల తెలివి పెరుగుతుంది. చానెళ్లు కొంతవరకు అక్కరే, ఆ తరువాత అంకె పెరిగినంతగా వినికిడి పెరగదు. మైకుల తెలివి మాత్రం నిజమైన లాభం, రోజూ నలుగురిలో తిరిగేవాళ్లకు. బాపు లోకం ఇల్లు, చాయ్ హోటల్, గుడి. ఫంక్షన్ హాల్లో డీజే పెడితే నాకే ఏమీ వినపడదు, ఆ ఒక్క రోజు కోసం లక్షలు పెట్టడం దేనికి? ఒక చెవికి అన్నిటికన్నా పైది కొనే డబ్బుతో రెండు చెవులకూ మధ్యరకం కొన్నాం. పిలుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియాలంటే రెండూ కావాలి. ఫోను నేరుగా చెవిలోకి రావాలనుకుంటే మీ ఫోన్‌నే షాపుకు తీసుకెళ్లి కలిపి చూడండి, అన్ని మిషన్లు అన్ని ఫోన్లతో కలవవు.

పేదలకు వయోశ్రీ (ముసలివాళ్లకు), అడిప్ (వికలాంగులకు) పథకాల కింద కేంద్రం ఉచితంగా ఇచ్చేవి ఉన్నాయి, ఎక్కువగా కాన్పూరులోని కేంద్ర సంస్థ అలిమ్‌కో ద్వారా వచ్చేవి. 2016 వికలాంగుల చట్టం 'వినికిడి తక్కువ' అని లెక్కేసేది రెండు చెవుల్లో మాట స్థాయిల దగ్గర 60 డెసిబెల్స్ నుంచి. బాపు ఆ గీతకు ఇవతలే ఉండిపోయాడు.

కొన్న రోజు పని అయిపోదు. ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వేసి ఒక్క బటన్ నొక్కితే ఏదో ఒక సెట్టింగ్ వస్తుంది, చాలామంది అక్కడే ఆగి చెయ్యి కడుక్కుంటారు. అది సగటు చెవికి లెక్క. సగటు చెవి ఎవరికీ ఉండదు. వెంట్రుకంత గొట్టాన్ని చెవి రంధ్రంలో పెట్టి, మిషన్ లోపల నిజంగా ఎంత శబ్దం ఇస్తోందో కొలిచే పద్ధతి ఉంది. రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. చేసే చోటు దొరికితే కొంత దూరమైనా పోవచ్చు. తక్కువ పేరున్న మిషన్‌ను బాగా కుదిర్చినా మేలే, పెద్ద పేరున్నదాన్ని కుదర్చకుండా వదిలేస్తే అది చేరేది బీరువాకే.

మొదటి వారం బాపుకు ఫ్యాన్ మోత, చీపురు చప్పుడు, అమ్మ గాజులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఏండ్ల తరబడి రాని చప్పుళ్లు మళ్లీ వస్తుంటే మెదడుకు వాటిని పక్కకు తోయడం అలవాటు కావాలి, వారాలు పడుతుంది. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టాడు. రెండో వారంలో ఒక చెవి మూగబోయింది. చూస్తే మైకు రంధ్రాల్లో కొబ్బరినూనె. తలకు రాసుకుని అదే చేత్తో మిషన్ తగిలించాడు. ఇప్పుడు ముందు మిషన్ తీస్తాడు, నూనె ఇంకాక చెయ్యి తుడుచుకుని పెడతాడు. ఎండకాలం చెమటకు, సిలికా బిళ్ల వేసిన డబ్బాలో రాత్రి ఆరబెట్టడం నేర్చుకున్నాం.

మూడోసారి సర్దడానికి వెళ్లినప్పుడు ఆడియాలజిస్టు అమ్మను కూడా రమ్మంది. బాపు రోజంతా వినాల్సిన గొంతు అదే కదా అని. పెదాలు చూసి ఊహించకుండా అమ్మను కొంగు అడ్డం పెట్టుకోమంది. ఆరడుగుల దూరంలో కూర్చుని అమ్మ ఒక్కో మాటే అంది. పప్పు వచ్చింది. ఉప్పు వచ్చింది. చెప్పు దగ్గర కొంచెం ఆగి, అదీ వచ్చింది. అప్పుడు అమ్మ "చారు" అంది.

"సారా" అన్నాడు బాపు.

అమ్మ కొంగు తీసేసి ఆయన దిక్కు చూసింది. ఆడియాలజిస్టు నవ్వు ఆపుకుంటూ కంప్యూటర్‌లో ఏదో మార్చి, ఇంకో రెండు వారాలకు రమ్మంది. "మార్చకు బిడ్డా," అన్నాడు బాపు, "గిదే మంచిగున్నది."