ఒకరు పునీతుడు, ఒకరు దుర్మార్గుడు: ఇద్దరు పోపుల గురించి అపోహలు, వాస్తవాలు

చర్చి చరిత్ర తరగతిలో 1294 దగ్గరికి వచ్చేసరికి విద్యార్థులు అప్పటికే తీర్పు ఇచ్చేసి ఉంటారు. ఆ ఏడాదే పోపై, ఆ ఏడాదే పదవి వదిలేసిన ఐదవ సెలెస్టీన్ లోకం తెలియని సన్యాసి, ఎనిమిదవ బోనిఫేస్ ఆయన్ని మోసం చేసి పీఠమెక్కినవాడు. సినిమా కథలా బాగానే ఉంటుంది గానీ, ఆ కథ నమ్మితే వాళ్లిద్దరూ చర్చికి ఇచ్చిపోయిన చట్టం కంటికి కనబడదు.

అపోహ: సెలెస్టీన్‌కు లోకజ్ఞానం లేదు.

వాస్తవం: సెలెస్టీన్ అసలు పేరు పియెత్రో. ఇటలీలోని అబ్రుజ్జో కొండల్లో తపస్సు చేసుకునే ఆయన, తన మఠ సమాజం రద్దవుతుందని భయపడి, వయసు మళ్లాక కూడా ఇటలీ నుంచి ఫ్రాన్సులోని లియోన్‌ దాకా వెళ్లి, పదవ గ్రెగరీ పోపు దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. లోకజ్ఞానం లేనివాడు చేసే పని కాదది. ఆయన దెబ్బతిన్నది పోపయ్యాక, ఫ్రెంచి రాజవంశానికి చెందిన నేపుల్స్ రాజు రెండవ చార్లెస్ చేతిలో పడ్డాకే. సెలెస్టీన్ నియమించిన 12 మంది కార్డినల్స్‌లో (పోపును ఎన్నుకునే ఉన్నత మతాధికారులు) ఏడుగురు ఫ్రెంచివాళ్లు.

అపోహ: పదవి వదిలిన తొలి పోపు ఆయనే.

వాస్తవం: కాదు. 1046లో ఆరవ గ్రెగరీ తప్పుకున్నాడు.

అపోహ: బోనిఫేస్ రాగానే సెలెస్టీన్ చేసినవన్నీ తుడిచేశాడు.

వాస్తవం: సెలెస్టీన్ ఇచ్చిన చాలా కానుకలను, హక్కులను రద్దు చేసిన మాట నిజమే. అయితే అన్నీ కాదు. 1292లో నాలుగవ నికొలస్ పోపు చనిపోయాక కార్డినల్స్ 27 నెలలు ఎవర్నీ ఎన్నుకోలేకపోయారు. అందుకే సెలెస్టీన్ 1274 నాటి కాంక్లేవ్ (పోపు ఎన్నిక సమావేశం) చట్టాన్ని మళ్లీ అమల్లోకి తెచ్చాడు. దాని ప్రకారం కార్డినల్స్‌ను ఒకచోట పెట్టి తాళం వేయాలి. మూడు రోజులకూ తేలకపోతే పూటకు ఒక్క వంటకం, మరో ఐదు రోజులు గడిస్తే రొట్టె, నీళ్లు, ద్రాక్షారసం మాత్రమే. బోనిఫేస్ దీన్ని కొట్టెయ్యలేదు సరికదా, 1298లో వెలువరించిన ధర్మశాస్త్ర సంపుటంలో చేర్చాడు. పోపు స్వేచ్ఛగా రాజీనామా చేయవచ్చన్న నియమాన్నీ అందులోనే రాయించాడు. 2013లో పదహారవ బెనెడిక్ట్ తప్పుకున్నప్పుడు ఎవరూ తికమకపడకపోవడానికి మూలం అక్కడుంది.

అపోహ: రాత్రిపూట గొట్టంలోంచి దైవవాణిలా మాట్లాడి బోనిఫేస్ రాజీనామా చేయించాడు.

వాస్తవం: ఇది ఆయన శత్రువులు పుట్టించిన పుకారు. బోనిఫేస్ అసలు పేరు బెనెదెత్తో కయెతాని. అప్పటికి కార్డినల్‌గా ఉన్న ఆయన ధర్మశాస్త్రంలో దిట్ట. రాజీనామా చెల్లుతుందా అని సెలెస్టీన్ ఆయన్నే సలహా అడిగాడు. డిసెంబరు 13న రాజీనామా, 24న కయెతాని ఎన్నిక. ఇంత త్వరగా జరగడమే అనుమానాలకు చోటిచ్చింది.

అపోహ: బోనిఫేస్ ఆయన్ని చంపించాడు.

వాస్తవం: చంపించాడనడానికి ఆధారం లేదు. బంధించడం మాత్రం నిజం. పాత పోపును అడ్డుపెట్టుకుని చర్చిని చీలుస్తారన్న భయం ఒట్టి ఊహ కాదు, 1297లో కొలొన్నా వంశపు కార్డినల్స్ ఆ రాజీనామానే సవాలు చేశారు. అయినా ఎనభై దాటిన సన్యాసి ఫుమోనే కోటలో బందీగా 1296 మే 19న కన్నుమూయడాన్ని నేను సమర్థించలేను. బోనిఫేస్‌పై పగబట్టిన ఫ్రెంచి రాజు నాలుగవ ఫిలిప్, సెలెస్టీన్‌ను హతసాక్షిగా, అంటే విశ్వాసం కోసం చంపబడినవాడిగా, ప్రకటించాలని పట్టుబట్టాడు. ఐదవ క్లెమెంట్ పోపు 1313లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు గానీ హతసాక్షి అనలేదు, విశ్వాస ప్రకటకుడన్నాడు, అంటే చంపబడకుండానే పవిత్రంగా జీవించి విశ్వాసాన్ని చాటినవాడు.