సగంలో ఆగిన కుట్టుపనులు: అపోహలు - వాస్తవాలు

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి వెనక గదిలో 18 ఏళ్లుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. పూసల నగలు, క్రాస్ స్టిచ్ కూడా ఉన్నాయి. ఈరోజు లెక్క చూసుకుంటే ఫ్రేమ్ మీద ఒక పట్టు జాకెట్టు, డబ్బాల్లో రెండు పూసల హారాలు, సంచిలో ఒక క్రాస్ స్టిచ్ పటం, చుట్టి పెట్టిన ఒక లంగా అంచు. మొత్తం ఐదు పనులు సగంలో ఉన్నాయి. నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ముందు అడిగేది వీటి గురించే. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెట్టాలి.

పట్టు మీద జర్దోసి (స్ప్రింగులా చుట్టిన సన్నటి లోహపు తీగ) కుట్టాలంటే పగటి వెలుతురు కావాలి, వంగి కూర్చోవాలి. రెండు గంటలు దాటితే నాకు మెడ పట్టేస్తుంది. అప్పుడు పూసల అల్లిక చేతిలోకి తీసుకుంటే కూర్చునే తీరు మారుతుంది, మెడకు కాస్త విశ్రాంతి. క్రాస్ స్టిచ్ సంచి రైల్లోకి కూడా వస్తుంది. కాబట్టి వేరువేరు రకాల పనులు కలిసి నడవొచ్చు. ఒకే రకం మగ్గం పని రెండు పెట్టుకుంటేనే చిక్కు. రెండు పెళ్లి జాకెట్లు ఒకేసారి సగంలో ఉంటే ఏ ముత్యాలు ఎవరివో, ఏది ముందు ఇవ్వాలో తెలియక టెన్షన్ పట్టుకుంటుంది. అందుకే శ్రావణమైనా, మాఘమైనా మా ఇంట్లో మగ్గానికి ఎక్కేది ఒక్క జాకెట్టే.

అపోహ: ఎక్కడ ఆపామో మనకు గుర్తుంటుంది.

వారం వరకు ఉంటుందేమో. నెల తర్వాత ఉండదు. పైగా గుర్తుండడం ఒక్కటే సరిపోదు, ఆపే పద్ధతి కూడా ఉంది. ఆరీ సూదితో, అంటే మగ్గం మీద వాడే కొక్కెం సూదితో, వేసేది గొలుసు కుట్టు. చివరి మెలికకు ముడి పడకపోతే మొత్తం గొలుసు వదులుగా ఉన్నట్టే లెక్క. ఒకసారి భోజనానికి పిలిస్తే ముడి వేయకుండా లేచాను. మగ్గం కింద వేలాడుతున్న దారం కాలికి తగిలింది. ఒక్క లాగుకు కుట్లు సర్రున ఊడి, నెమలి మెడ మీద కుట్టిన షుగర్ బీడ్స్ (సన్నటి గాజు పూసలు) అన్నీ గచ్చు మీద జలజలా రాలాయి. మూడు గంటల పని అది. అప్పటి నుంచి ఎవరు పిలిచినా సరే, వెనక్కి ఒక చిన్న కుట్టు వేసి, ముడి బిగించి, దారం కత్తిరించాకే లేస్తాను.

ట్రేసింగ్ సంగతీ ఇంతే. బటర్ పేపర్‌కు సన్నగా చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడి రుద్దితే బట్ట మీద పడే గీత శాశ్వతం కాదు. బట్ట తీస్తూ మడుస్తూ ఉంటే చెరిగిపోతుంది. చాలా రోజులు ఆపాలనుకుంటే డిజైన్ అంచు వెంబడి బట్ట రంగు దారంతో ఒక వరస కుట్టేయండి. బటర్ పేపర్ పారేయకుండా దాంతోపాటే చుట్టి పెట్టండి.

ప్రతి పనికీ ఒక చీటీ కూడా ఉండాలి. సూది నంబరు, ఎన్ని పోగులు, తర్వాతి కుట్టు ఎక్కడ, ఎప్పటికి ఇవ్వాలి అన్నవి రాస్తే చాలు. క్రాస్ స్టిచ్ దారంలో ఆరు పోగులు ఉంటాయి. 14 కౌంట్ బట్ట (అంగుళానికి 14 గళ్లు ఉండేది) మీద మామూలుగా రెండు పోగులతో కుడతాం. సగం రెండుతో కుట్టి, మిగతా సగం మర్చిపోయి మూడుతో కుడితే దూరం నుంచే తేడా కొడుతుంది.

అపోహ: పూసలు తగ్గితే మళ్లీ తెచ్చుకోవచ్చు.

పూసలు దొరుకుతాయి, అదే రంగు దొరకదు. జపాన్ గాజు పూసల ప్యాకెట్ మీద సైజు, రంగు నంబరు ఉంటాయి (11/0 కన్నా 15/0 చిన్నది, అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది). మార్కెట్‌లో తూకానికి కొనే పూసలకు ఏ నంబరూ ఉండదు. కొత్తగా తెచ్చిన ఎరుపు పాత ఎరుపు పక్కన మెరూన్‌లా కనిపిస్తుంది. లెక్క కన్నా కాస్త ఎక్కువే కొనండి. పది పూసలు చీటీకే కుట్టి ఉంచితే షాపులో పక్కన పెట్టి చూసుకోవచ్చు.

అపోహ: కవర్‌లో పెట్టి బీరువాలో దాచేస్తే భద్రం.

విశాఖలో ఇది అస్సలు కుదరదు. సముద్రపు గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. లోపల రాగి తీగ ఉన్న జరీ ఆ గాలికి నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీకి ఆ బాధ లేదు. బట్టలో గుచ్చి వదిలేసిన సూది తుప్పు పట్టి మరక వదులుతుంది, పట్టు మీద ఆ మరక పోవడం చాలా కష్టం. జర్దోసి కట్టలకు రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులో ఉండే గంధకం వెండి పూతను నల్లగా చేస్తుంది. నూలు దారంతో కట్టండి. పనిని ఉతికిన పాత నూలు చీర ముక్కలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నెలకోసారి ఎండ కాసే రోజున నీడపట్టున గాలికి ఆరనివ్వండి. బట్టను బిగించి పట్టే చేతి రింగు ఫ్రేమ్ మాత్రం పని ఆపిన రోజే తీసేయాలి, లేకపోతే దాని ముద్ర బట్టలో ఉండిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ తలుపు ఊడి వాన గదిలోకి కొట్టింది. కిటికీ కింద ఆనించిన ఫ్రేమ్ మీద ఎర్ర దారం రంగు దిగి, తెల్ల ఓణీ అంతా గులాబీ రంగు అయిపోయింది. ఇప్పుడు కిటికీ దగ్గర గానీ నేల మీద గానీ నేను ఏ పనీ ఉంచను.

అపోహ: మొదలుపెట్టింది వదిలేయడం తప్పు.

కస్టమర్ పని అయితే వదలకూడదు, అది ఇచ్చిన మాట. మన కోసం మొదలుపెట్టినది రెండేళ్లయినా చేతిలోకి తీసుకోబుద్ధి కావడం లేదంటే విప్పేయండి. స్టీలు పళ్లెంలో మెత్తటి గుడ్డ పరచండి, అప్పుడు పూసలు ఎగిరి పడవు. బట్ట తిరగేసి, వెనక దారాన్ని చిన్న కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరిస్తూ రండి. పూసలు గుడ్డ మీదికి రాలతాయి. పూత గీసుకుపోయినవి పక్కన పడేసి, బాగున్నవి సైజుల వారీగా సీసాల్లోకి ఎత్తుకోండి.