మూడాకులా, నాలుగాకులా?

చిరంజీవులు అమ్ములుకీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. చిన్నోడా, మోకాలి దెబ్బ మానిందా?

మొన్న ఆదివారం వీడియోలో అమ్ములు తను చేసిన పచ్చ కాగితం ఆకు చూపించి ఓ ప్రశ్న వేసింది. "తాతయ్యా, సెయింట్ పాట్రిక్స్ డేకి క్లాసులో అందరూ మూడాకులే అంటించారు. నేనొక్కదాన్నే నాలుగు పెట్టాను. నాలుగాకులదే కదా లక్కీ? మరి వీళ్లు మూడే ఎందుకు పెట్టుకుంటారు?" నేను నోరు తెరిచేలోపు చిన్నోడు కుర్చీమీంచి దొర్లాడు, మీ అమ్మ అటు పరిగెత్తింది, ఫోను మీ ఇంటి పైకప్పు చూపిస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఫోన్ చేసి చెప్పేయొచ్చు. కానీ ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసులో కూర్చున్నవాణ్ణి. కవరు మూసి స్టాంపు బిళ్ల అంటిస్తేగానీ నాకు మాట చెప్పినట్టుండదు. ఐర్లాండువాళ్ల ఆ పాట్రిక్ పండగ మార్చి 17న కదా, ఆలోపు మీ డబ్లిన్ చేరాలని ఇవాళే రాస్తున్నాను.

ముందు వంటింట్లోకి వెళ్లి మెంతికూర ఉందేమో చూడండి. ఉంటే ఒక్క రెమ్మ అడిగి తెచ్చుకోండి. సన్నటి కాడ, దాని చివర మూడాకులు. నిజానికి అవి మూడాకులు కావు, ఒకే ఆకు మూడు ముక్కలుగా విచ్చుకుంది. అదిగో, మీ క్లాసులో అంటించిన ఆ మూడాకులది, మీవాళ్లు షామ్‌రాక్ అనేది, అచ్చం ఇలాగే ఉంటుంది. ఏదో పోలిక చెప్తున్నాననుకోకండి, వాటికి నిజంగానే చుట్టరికం ఉంది. కంది, పెసర, చిక్కుడు, మెంతి, మీ షామ్‌రాక్ అన్నీ ఒకే కుటుంబం. అందులోనూ మెంతీ షామ్‌రాకూ బాగా దగ్గరివాళ్లు, బాబాయి పిల్లలూ పెదనాన్న పిల్లలూ అనుకోండి. ఒకళ్లు తెనాలిలో ఉండిపోయి పప్పులో పడ్డారు, ఇంకొకళ్లు ఐర్లాండు వెళ్లి చొక్కా గుండీలకెక్కారు. పండగ అయ్యాక రాత్రికి పెద్దవాళ్లు దాన్ని చొక్కా మీంచి తీసి గ్లాసులో ముంచే ఆచారం కూడా ఉందిట. మనం మెంతికూరని పప్పులో ముంచుతాం, వాళ్లు ముంచేది పప్పులో కాదు. దేంట్లోనో మీ నాన్నని అడగండి.

ఇక మూడే ఎందుకంటే, దానికో కథ ఉంది. పాట్రిక్ బ్రిటన్‌లో పుట్టినవాడు. పదహారేళ్లప్పుడు దొంగలు పట్టుకుపోయి ఐర్లాండులో బానిసని చేశారు. ఆరేళ్లు మందలు కాశాడు. పారిపోయి ఇల్లు చేరాడు. చేరినవాడు ఊరుకోకుండా, తనని బానిసగా పెట్టిన దేశానికే మళ్లీ వచ్చి దేవుడి మాట చెప్పాడు. ఇది ఐదో శతాబ్దం సంగతి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ఒక్కడే దేవుడు ముగ్గురుగా ఎలా ఉంటాడయ్యా అని జనం అడిగితే, వంగి కాళ్ల దగ్గరున్న ఓ ఆకు తుంచి చూపించాడట. కాడ ఒకటి, ఆకులు మూడు. గట్టు మీద పశువుల కాపరికి ఇంకేం దొరుకుతుంది చెప్పండి! మన వీధిలో పుట్టుంటే మెంతికూర కట్ట విప్పి చూపించేవాడు.

ఒక్క చిక్కుంది. పాట్రిక్ తన కథ తనే లాటిన్‌లో రాసుకున్నాడు. అందులో ఈ ఆకు ఊసే లేదు. 1726లో డబ్లిన్‌లో అచ్చయిన ఒక మొక్కల పుస్తకంలో ఈ కథ కనిపిస్తుంది, అంటే ఆయన పోయిన పన్నెండు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత. జరిగిందో లేదో మనకెందుకులే. బళ్లో మాత్రం "ఇది అబద్ధం" అని అందరిముందూ అనకండి. కథ చెప్పేవాళ్లని మధ్యలో ఆపడం మంచి పద్ధతి కాదు.

ఇంకో తమాషా వినండి. అసలు షామ్‌రాక్ ఏ మొక్కో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఆ మాటకి ఐరిష్‌లో అర్థం చిన్న క్లోవర్ అని, అంతే. క్లోవర్ అంటే గడ్డిలో పెరిగే మూడాకుల మొక్క. 1893 ప్రాంతంలో కోల్గన్ అనే ఆయన, మీ ఊళ్లో అసలు షామ్‌రాక్ అనుకునేదాన్ని వేళ్లతో సహా పీకి నాకు పోస్టులో పంపండి అని దేశమంతా ఉత్తరాలు రాశాడు. వచ్చినవాటిని నాటి, పూలు పూసేదాకా కాచుకున్నాడు. కొన్నింటికి తెల్లపూలు, కొన్నింటికి బుల్లి పసుపు పూలు! తొంభై ఏళ్లు దాటాక, 1988లో, ఇంకొకాయన మళ్లీ అదే పని చేస్తే మళ్లీ అదే తగువు. నాకైతే ఆ పార్సిళ్లు అందుకున్న పోస్టుమాస్టరు గుర్తొస్తాడు. తడి మట్టి, వేళ్లు, బల్ల నిండా మరకలు. పాపం.

నాలుగాకులది వేరే సంగతి. అది పొరపాటున పుట్టేది. కూర్చుని లెక్కపెట్టినవాళ్లు ఇంచుమించు ఐదువేలకి ఒకటి దొరుకుతుందన్నారు. దొరికితే అదృష్టం అంటారు. మడిమీద గొంతుక్కూర్చుని ఐదువేల ఆకులు తిరగేసే ఓపిక ఉన్నవాడికి అదృష్టంతో పనేముందని నాకనిపిస్తుంది. అమ్ములూ, నువ్వు చేసింది తప్పేం కాదు. నీది అదృష్టం ఆకు, వాళ్లది ఇంటి ఆకు. ఇంటి గుర్తు అన్నాక గడప దాటగానే కాలికి తగిలేలా ఉండాలి కదా.

అన్నట్టు ఆ దేశపు అసలు ముద్ర ఈ ఆకు కూడా కాదు, వీణలాంటి ఓ వాద్యం, హార్ప్. మీ నాన్న జేబులో ఐర్లాండులో కొట్టిన యూరో బిళ్ల ఉంటే వెనక్కి తిప్పి చూడండి.

నా చిన్నప్పుడు మా అదృష్టం నెమలీక. పుస్తకంలో పెట్టి, మేతకి పెన్సిల్ చెక్కిన పొట్టు వేసి, పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసేవాణ్ణి. లెక్కల పుస్తకంలో పెట్టడం వల్ల ఆ పుస్తకం రోజూ తెరిచాను, కానీ లెక్కలు చూడలేదు. కాగితం పని మాత్రం శ్రీరామనవమి పందిట్లో నేర్చుకున్నాను. రంగు కాగితాలు మడిచి కత్తిరించి, పురికొసకి వరసగా అంటించడం. మైదా జిగురు మా అమ్మ ఉడికించి ఇచ్చేది. పురుగు పట్టకుండా మా మామయ్య అందులో మైలుతుత్తం వేయించేవాడు. అది విషం, మీరు దాని జోలికి పోకండి. ఒక ఏడు మైలుతుత్తం దొరకలేదు. రాత్రంతా కష్టపడి కట్టిన తోరణాలు తెల్లారేసరికి చీమలబారుతో సహా కదులుతున్నాయి. పక్కింటి మేక మిగతా పని పూర్తిచేసింది. ఆ మేక ఆకుపచ్చ కాగితాలే ముందు తింది, ఎర్రవి వదిలేసింది. ఇదేం తెలివో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, మీ పనికొద్దాం. ఐర్లాండులో పూర్వం పిల్లలు ఈ పండగకి ఆకొక్కటే పెట్టుకునేవాళ్లు కాదు. ఒక్కొక్కళ్లూ తమ చేత్తో కాగితం బిళ్ల చేసుకునేవాళ్లు. కాగితం మీద వృత్తం గీసి, లోపల శిలువ వేసి, రంగులు నింపి చొక్కాకో టోపీకో గుచ్చుకునేవాళ్లు. ఆడపిల్లలు అట్టముక్కలకి రిబ్బన్లు చుట్టి నడిమధ్యలో పువ్వులా ముడివేసేవాళ్లు. తర్వాత తర్వాత ఆ అలవాటు పోయింది. ఇలాంటి పాత సంగతులు మనదాకా వచ్చాయంటే అందులో పిల్లల పుణ్యం చాలా ఉంది. 1937 నుంచి 39 దాకా అక్కడి బడిపిల్లలు, సుమారు యాభై వేలమంది, తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి పాతకాలపు కబుర్లు నోటుపుస్తకాల్లో రాసి ఇచ్చారు. అవన్నీ భద్రంగా ఉన్నాయి. మీరేమో కథ చెప్తానంటే చెవుల్లో ఆ గొట్టాలు పెట్టుకుంటారు. పోనీలే.

అలాంటి బిళ్ల నాకొకటి చేసి పంపండి. మందపాటి కాగితం మూడంగుళాల చదరం చాలు, పాత బిస్కెట్ డబ్బా అట్టయినా సరే. వృత్తలేఖినితో వృత్తం గీయండి. వెడల్పు మార్చకుండా ముల్లుని ఆ గీత మీద ఎక్కడైనా గుచ్చి, వృత్తంలోపల ఓ వంపు గీయండి. ఆ వంపు గీతని తాకినచోట మళ్లీ గుచ్చండి. అలా చుట్టూ తిరిగి వస్తే ఆరు రేకుల పువ్వు దానంతటదే పడుతుంది. ఏడోది గీద్దామన్నా చోటుండదు. ఎందుకని నన్నడగకండి, చేసి చూడండి. రంగులు ఇంట్లో ఉన్నవే వేయండి. మేం బచ్చలిపళ్లు నలిపి ఊదా, పసుపు కొమ్ము అరగదీసి పసుపూ చేసుకునేవాళ్లం.

మధ్యలో అంటించడానికి ఆకు కావాలి కదా. పచ్చ కాగితం ముక్క రెండుగా మడిచి, మడతవైపు నుంచి సగం తమలపాకు గీసి కత్తిరించండి. విప్పితే నిండు ఆకు. అలా మూడు. ఓ మాట, నిజమైన షామ్‌రాక్ రేకు అంత తమలపాకులా ఉండదు, గుడ్డులా ఉండి చివర చిన్న నొక్కుంటుంది. దుకాణాల్లో అమ్మే బొమ్మలన్నీ మన పెరటి పులిచింతాకులా ఉంటాయి. అందుకని నడినెత్తి దగ్గర మరీ లోతుగా కత్తిరించకండి. తెల్లపూల రకానికి ఒక్కో రేకు మీదా లేతరంగు గీత ఒకటి వంకీలా ఉంటుంది. తెల్ల పెన్సిల్‌తో అది వేయండి. మూడింటి వంకీలూ కలిసి గాజుముక్కలు గుండ్రంగా పేర్చినట్టుంటాయి. రేకులకి మొదలు దగ్గర మాత్రమే జిగురు పెట్టండి, చివర్లు లేచి ఉండాలి. ఆ మడతతో మనకి పనుంది.

నిజం ఆకు పెట్టకండి. మొక్కల్ని దేశం దాటించాలంటే సవాలక్ష కాగితాలు కావాలి. వెనకటికి ఐర్లాండువాళ్లు అలా పంపుకునేవాళ్లు. 1845లో బంగాళాదుంపకి తెగులు తగిలి కరువొచ్చింది. పదిలక్షలమంది చచ్చిపోయారు, ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ వెళ్లినవాళ్లకి మార్చి వస్తే ఇంటినుంచి వచ్చే ఉత్తరంలో ఓ రెమ్మ ఉండేది. సముద్రం దాటేసరికి ఎండి గోధుమరంగుకి తిరిగేది. అలాంటి కవరు తెరిచేటప్పుడు మనుషులు కత్తెర వాడరు, అంచు వెంబడి గోటితో నెమ్మదిగా తెరుస్తారు. దుబాయ్ నుంచీ మస్కట్ నుంచీ వచ్చినవి ఇక్కడ అరుగు మీద నిలబడే అలా తెరవడం నేను చూశాను.

కవరులో పెట్టేటప్పుడు కూడా ఓ కిటుకుంది. తేదీ ముద్ర స్టాంపు బిళ్లల మీద పడుతుంది, అంటే కుడిచేతివైపు పైమూల. అక్కడ లావుగా ఏమీ ఉండకూడదు. ఒక శ్రావణమాసం హడావిడిలో నేను ముద్ర వేస్తుంటే ఓ కవరు కటుక్కుమంది. లోపల రాఖీ, పూస చితికిపోయింది. ఆ కవరు అందుకోవాల్సినాయన ముఠాపని చేసే మనిషి. నేనే తీసుకెళ్లి, తప్పు నాదే బాబాయ్ అని చెప్పాను. ఆయన చూసి, "పూసదేముందండీ, ముడి వేసింది మా చెల్లెలు కదా" అని విరిగినదే కట్టించుకున్నాడు. అప్పటినుంచీ ముద్ర వేసేముందు కవర్లన్నీ ఒకసారి అరచేత్తో తడిమేవాణ్ణి. అక్షింతలున్న కవరు ఇసకలా జరుగుతుంది, ఫోటో ఉన్నది బిర్రుగా ఉంటుంది. మీరు చేసిన కాగితం బిళ్లని ఎడమచేతి కిందమూలకి జరిపి, ఉత్తరం మడతలో పెట్టండి.

ఇంక ఆ మడత సంగతి. జిగురు ఆరాక ఆకుని పగలు విప్పి ఉంచండి. రాత్రి ఎలా ఉంచాలో నేను చెప్పను. మీరు చూసి రావాలి. మీ ఇంటి వెనక పార్కులో గడ్డి మధ్య ఈ ఆకులు బోలెడున్నాయి, వచ్చినప్పుడు నేనే చూశాను. మధ్యాహ్నం ఒకసారి చూడండి. అన్నం తిన్నాక స్వెట్టర్లు వేసుకుని, నాన్నని వెంటబెట్టుకుని, టార్చి పట్టుకెళ్లి అదే గుబురుని మళ్లీ చూడండి. పక్క రేకులు రెండూ ఏం చేస్తున్నాయి, మూడోది ఎక్కడికి పోయింది? మా నాయనమ్మ పొద్దుగుంకాక చింతచిగురు కోయనిచ్చేది కాదు, "చెట్టు నిద్రపోతోందిరా, లేపకు" అనేది. ముసలమ్మ మాటలని నవ్వుకునేవాణ్ణి. డార్విన్ అనే పెద్దాయన రాత్రిళ్లు లేచి ఆకుల నిద్ర చూసి, 1880లో మొక్కల కదలికల మీద పెద్ద పుస్తకమే వేశాడని తర్వాత తెలిసింది. ఎందుకలా పడుకుంటాయో ఆయన ఒకటన్నాడు, తర్వాతవాళ్లు ఇంకొకటన్నారు. నాకైతే ఆ మూడో రేకుని చూస్తే మీ నాన్న చిన్నప్పుడు నిద్రలో దుప్పటి ముఖం మీదకి లాక్కోవడం గుర్తొస్తుంది. అయ్యో, చెప్పేశానా?

సరే, మిగతా రెండూ మీరే చూసి, కాగితం ఆకుని అచ్చం అలాగే మడిచి కవరులో పెట్టండి. ఇక్కడికి వచ్చాక నేను విప్పుకుంటాను.

నానమ్మ అడగమంది, మెంతికూర కట్ట అక్కడ ఎంతకిస్తున్నారని. జవాబులో రాయడం మర్చిపోవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య